గంగక్క చేను, సర్కారు తాడు

మద్దులగుంపులో చదునైన నేల అంటూ ఉంటే అది గంగక్క చేనొక్కటే. మిగతాదంతా బండలు, వాలు, వాగు కోసేసిన గట్లు. దేవుడు ఆ ఎకరన్నరనూ అరచేత్తో తట్టి చదును చేసి, ఇక ఓపిక లేక లేచి వెళ్లిపోయాడని ఊళ్లో ఆడవాళ్లు నవ్వుకుంటూ చెప్పుకుంటారు. ఆ చదునే గంగక్క ప్రాణానికొచ్చింది. అశ్వారావుపేట నుంచి భద్రాచలం దాకా ఈ అడవంచున ఎవడికి జనం చేత ఆటలాడించాలని బుద్ధి పుట్టినా, వాడి కన్ను తిన్నగా వచ్చి ఆ చేను మీదే పడేది.

ఈసారి పడింది పంచాయతీ సెక్రటరీ అనిల్‌కుమార్ కన్ను. మే నెల ఎండలో, ఊరంతా బీడీలకు అమ్మే తునికాకు కట్టలు కడుతున్న రోజుల్లో, మోటార్‌సైకిల్ మీద వచ్చి చేను గట్టున దిగాడు. వెనకాలే ట్రాలీ ఆటోలో ఒక ఇనప బోర్డు, రెండు గడ్డపారలు, ఇద్దరు కూలీలు. బోర్డు మీద అప్పటికే రంగుతో రాసేశారు: మద్దులగుంపు క్రీడా ప్రాంగణం. గంగక్కకు చదువు అంతంతమాత్రం, అయినా తన ఊరి పేరు చదవగలదు. తన చేనులో గుంత తవ్వడానికి గడ్డపార లేవగానే ఆమె చేతిలో ఆకుల కట్ట కింద పడింది.

"ఏంది సారూ గిది?"

"ఆటస్థలం అక్కా. ఊరికొకటి రావాలె, పై నుంచి ఆర్డరు. జూన్ రెండు నాడు జిల్లా నుంచి పెద్ద మేడమ్ వచ్చి రిబ్బన్ కట్ చేస్తది. ఊరంతా ఒక్కతీరు బనియన్లు తొడుక్కొని కవాతు చేస్తరు, ఆటలాడ్తరు. ఆ వీడియో పైకి పోతది."

"మంచిదే. ఆడుకోండ్రి. దానికి నా చేనుల గుంతలెందుకు?"

అనిల్‌కుమార్ చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పుకోవాలి. ఇరవై ఏడేళ్ల పిల్లాడు, నాలుగు గుంపులకు, అంటే నాలుగు కోయ గూడేలకు, ఒక్కడే సెక్రటరీ, ఏ పూట ఏ ఫోన్ మోగుతుందోనని బిక్కుబిక్కుమంటూ బతికేవాడు. కానీ భయపడ్డవాడి చేతిలో గడ్డపార ఉంటే అది మొండివాడి చేతిలో ఉన్నదానికన్నా లోతుకు దిగుతుంది.

"చేనని కాయితం ఉన్నదా అక్కా?"

లేదు. పోడు పట్టాకని రెండుసార్లు దరఖాస్తు పెట్టింది, రెండుసార్లూ రాలేదు. వాళ్ల నాయన అడవి కొట్టి చేసిన చేను అది. ఊళ్లో ఎవర్నడిగినా చెబుతారు. ఊళ్లోవాళ్లు చెప్పేది కాగితం కాదు కదా!

"నా దగ్గర ఉన్నది చూడు మరి" అంటూ అనిల్‌కుమార్ ఫైలు తెరిచి ఒక ఫొటో చూపించాడు. పదిహేనేళ్ల కిందటిది. వరసగా కుర్రాళ్లు, వాళ్ల వెనక పోలీసులు, అందరికీ వెనక రెండు ఇనప స్తంభాల మధ్య వాలీబాల్ నెట్. నడుమ కప్పు పట్టుకుని నిలబడ్డవాడు గంగక్క కొడుకు శివ. "రికార్డుల మీ ఊరికి గ్రౌండ్ ఉన్నట్టే రాసుంది అక్కా. నేను కొత్తగ తెస్తలేను. మునుపున్నదానికే బోర్డు పెడ్తున్న."

గంగక్క ఫొటోను దగ్గరకు తీసుకుని చూసింది. ఏమంటుంది? ఫొటోలో ఉన్నది తన కొడుకే. వెనకున్నది తన చేనే. ఆ స్తంభాలు ఇప్పటికీ అక్కడే తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి. వాటికి చిక్కుడు తీగ పాకించుకుంటోంది.

అసలు సంగతి చెబితే గానీ ఇది అర్థం కాదు. మద్దులగుంపులో ఒక కట్టుబాటుంది. పంట కోసి ఇంటికి చేర్చినప్పటి నుంచి విత్తనాల పండగ దాకా ఎవరి చేనైనా ఊరందరిదీ. పశువులు మేస్తాయి, పిల్లలు ఆడతారు, అడ్డు చెప్పడం సిగ్గుమాలిన పని. పండగనాడు ఊరిపెద్ద గింజలు చేతిలో పోశాక, అవి నేలన పడ్డాక మాత్రం ఆ చేనులో ఇంకొకరి కాలు పడకూడదు. అది చేసుకున్నవాళ్లది. ఈ లెక్క తెలియనివాడు ఎండాకాలంలో వచ్చి చూస్తే, ఊరికి పెద్ద ఆటస్థలం ఉన్నట్టే కనబడుతుంది.

అట్లా చూసినవాళ్లలో మొదటివాళ్లు జెండా అన్నలు, అదే నక్సలైట్లు. గంగక్కకప్పుడు పధ్నాలుగేళ్లు. అడవిలోంచి నలుగురొచ్చి ఆమె నాయన్ను అడిగి, ఈ చేనులో కబడ్డీ గీతలు గీశారు. నాలుగు గుంపుల పిల్లల్ని పోగు చేశారు. భూమి అందరిదీ, ఆట అందరిదీ అన్నారు. చేయీ చేయీ పట్టుకుని ఒక్కణ్ణి ఎట్లా చుట్టుముడతారో చూశారు కదా, రేపు దొరల్నీ గట్లనే అన్నారు. గంగక్క అన్న ఎర్రయ్య కూతకెళ్తే ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టేది. ఆ ఎండాకాలం ముగిసేసరికి ఎర్రయ్య ఆ చేనులోంచే వాళ్ల వెంట వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. శవం కూడా రాలేదు. తల్లి పదకొండేళ్లు అతని పేర ముద్ద తీసి పక్కన పెట్టింది.

ఆ తర్వాత పోలీసులు. జీపులో స్తంభాలు, నెట్, బంతులు తెచ్చారు. మనమంతా స్నేహితులమన్నారు. అప్పుడూ ఎండాకాలమే, అప్పుడూ చేను ఖాళీయే, కాదనడం ఊరి మర్యాద కాదాయె. శివ గెలిచాడు, కప్పు పట్టుకున్నాడు, పేపర్లో పడ్డాడు. ఆ ఫొటో పడ్డ నాటి నుంచి అడవిలో వాళ్లు పోలీసుల బంతి ఎందుకు పట్టావని అడిగేవారు. ఎక్కడేం జరిగినా స్టేషన్‌వాళ్లు నీకు తెలుసు చెప్పమని పిలిచేవారు. రెండువైపులా నలిగి నలిగి, వాడు అశ్వారావుపేట వెళ్లిపోయి పామాయిల్ గెలలు కోసే పనిలో చేరాడు. ఫోన్ చేస్తాడు. ఊళ్లోకి మాత్రం రాడు.

ఆట పేరు చెప్పి మొదట అన్నను తీసుకున్నారు. తర్వాత కొడుకును. ఇప్పుడు చేను. గంగక్క గడ్డపారకు అడ్డంగా వచ్చి నిలబడింది.

"సారూ, జూన్ రెండు దాక బోర్డు గట్టు మీద పెట్టు. మేడమ్ వచ్చినాక ఆమెతోనే మాట్లాడుత. ఇప్పుడే గుంత తవ్వుతనంటే ఆ గుంతల నన్ను పెట్టి మన్ను కప్పు."

అనిల్‌కుమార్ ఎండ వంక చూశాడు, కూలీల వంక చూశాడు. బోర్డు గట్టు మీద చింతచెట్టుకు ఆనించి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "ఈలోపు దున్నినవంటే కేసైతది అక్కా, నా చేతుల లేదు" అని చెప్పి మరీ వెళ్లాడు.

మరుసటి వారం ప్రభాకర్ సారు దిగాడు. మండలంలో పెద్ద బడిలో పీఈటీ. మెడలో విజిల్, నడుముకు టవలు, చేతిలో సర్కారు ఇచ్చిన ఆటల కిట్టు. ఊరిని కవాతుకు తయారుచేసే పని ఆయన మీద పడింది. మనిషి మంచివాడు, కాస్త ఉపన్యాసాల పిచ్చి. ఎండు చేనులో అందర్నీ వరసలో నిలబెట్టి, "మన రాజ్యాంగం మొదటి పేజీలోనే రాసుంది, మనది సామ్యవాద దేశమని. అంటే ఏంది? ఆటలు గూడ పెద్దోళ్లవే కావు, అందరివి. ఊరు ఊరంతా ఒక్కసారి చెయ్యి లేపితే ఎంత అందముంటదో మీకు తెల్వదు" అన్నాడు.

"అందరివైతే మా నెత్తిన ఎందుకు పడ్డయి సారూ?" అంది గంగక్క వరసలోంచి. "మీ ఇల్లు గూడ అందరిదేనా? మీ పెరట్ల గూడ బోర్డు పాతిన్రా?"

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ప్రభాకర్ విజిల్ చేత్తో తిప్పుకుంటూ, "నాకు చెప్పిన పని నేర్పుడే అక్కా" అన్నాడు మెల్లగా. పాపం, అదీ నిజమే.

కవాతు కుదరలేదు. ఎడమ కాలంటే కుడి కాలు లేచేది. ఆయన విసిగిపోయి కిట్టులోంచి లావుపాటి తాడు తీశాడు. తాడులాగుడు. ఆ తాడు చేతికి తగలగానే మద్దులగుంపు ఆడవాళ్ల మొహాలు మారిపోయాయి. కట్టెమోపులు, నీళ్ల బిందెలు, వాగులో కొట్టుకొచ్చిన దుంగలు మోసిన చేతులవి. ప్రభాకర్ కూడా ఉషారెక్కి ఉన్న విద్యంతా నేర్పాడు. మడమలు నేలకు దిగేయాలి, వెనక్కి వాలాలి, మోచేతులు ఒంటికి ఆనాలి, అందరికన్నా వెనక నిలబడే మనిషి తాడు నడుముకు చుట్టుకోవాలి. ఆ వెనక చోటు గంగక్కకిచ్చాడు. "నువ్వు కదలకపోతే తాడు కదలదు" అన్నాడు.

ఆ మాట గంగక్క మనసులో నాటుకుంది. తునికాకు కట్టలు కడుతూ రెండు రోజులు అదే ఆలోచించింది. మూడోనాడు ఊరిపెద్ద ముసలయ్య గడపలోకి వెళ్లి కూర్చుంది. విత్తనాల పండగ ఏ దినమన్నది చెప్పేది ఆయనే. ఎనభై ఏళ్లు దాటాయి, చూపు మందగించింది, బుర్ర మాత్రం కత్తి.

"తాతా, ఈయేడు పండగ ఎప్పుడు?"

"ఎప్పుడు గావాలె నీకు?" అన్నాడు ముసలయ్య.

"జూన్ రెండు."

ముసలయ్య అరచేతిలో పొగాకు నలుపుకున్నాడు. మేడమ్ వచ్చేది ఆ రోజే అని ఆయనకూ తెలుసు. పండగంటే మగవాళ్లంతా మూడు రోజులు అడవికి పోతారు; ఇప్పుడు వేట పేరుకే, అయినా పోవాల్సిందే. ఊళ్లో మిగిలేది ఆడవాళ్లు. ఆ మూడు రోజులూ రోడ్డు ఆడవాళ్లది. అడ్డంగా తాడు కట్టి, దారిన పోయే బండిని ఆపి, ఆడి పాడి, ఎంతోకొంత ముట్టజెప్పించుకుని గానీ వదలరు. లారీవాడైనా, డాక్టరైనా, ఎమ్మెల్యే అయినా ఆగాల్సిందే.

"గింజలు నీ చేతుల పోసినంక తెల్లారగట్ల పొయ్యి చల్లుకో. ఎవరొస్తరు ఆపెటందుకు?" అన్నాడు చివరికి.

"దొంగతనంగ చల్లితే దొంగతనమే అంటరు తాతా. నలుగురి ముంగట చల్లుత. మేడమ్ ముంగట చల్లుత."

ముసలయ్య పొగాకు దవడన పెట్టుకున్నాడు. "అయితే రెండో తారీకే. పో" అన్నాడు.

జూన్ రెండు రానే వచ్చింది. పొద్దున్నే ముసలయ్య ఇంటింటి ఆడదాని చేతిలో దోసెడు గింజలు పోశాడు. గంగక్క తన జొన్నగింజల్ని కొంగున ముడివేసుకుంది. అనిల్‌కుమార్ అప్పటికే చేనులో రెండు ఇనప స్తంభాల మధ్యా ఎర్ర రిబ్బన్ కట్టించి, పరుగెత్తి పరుగెత్తి చెమటలో మునిగిపోయాడు. "మగోళ్లేరీ? కవాతుకు మగోళ్లేరీ?" అని ఇంటింటికీ తిరుగుతున్నాడు.

"వేటకు పోయిన్రు" అంది పక్కింటి మంగమ్మ తాపీగా. "పండగ గదా. నీ ఫోన్ల లేదా?"

అతను తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ఆ తేదీ ఖాయం చేసేముందు ఊళ్లో ఒక్కర్నైనా అడిగాడా? అడగలేదు. అనుభవించాల్సిందే.

పదిన్నరకు మూడు బండ్లు వచ్చాయి. ఊరి మొదట్లో, మట్టిరోడ్డుకు అడ్డంగా, సర్కారు ఇచ్చిన తాడు పట్టుకుని ఇరవైమంది ఆడవాళ్లు. ఒంటి మీద సర్కారు ఇచ్చిన పచ్చ బనియన్లే, చీరల మీద తొడుక్కున్నారు. బండ్లు ఆగాయి. ముందు బండిలోంచి జిల్లా అధికారి రాజ్యశ్రీ మేడమ్ దిగింది. నలభై దాటిన మనిషి, ట్రాక్ సూటు, కాళ్లకు బూట్లు, నడకలోనే ఒకప్పుడు పరుగు పందేల్లో గెలిచిన మనిషని తెలుస్తుంది. గన్‌మన్లిద్దరూ ముందుకు రాబోతే చేత్తో ఆపింది.

"పండగ ఆచారం మేడమ్" అంటూ అనిల్‌కుమార్ రొప్పుతూ వచ్చాడు. "ఏదన్న ముట్టజెప్తే వదుల్తరు." మేడమ్ నవ్వి పర్సు తీసింది.

"రొక్కం వద్దు మేడమ్" అంది గంగక్క. "మీరు ఆటలాడిపిస్తందుకు వచ్చిన్రు. మేము ఆడ్తం. మీరు గూడ ఆడాలె. ఈ తాడు మీరిచ్చిందే. అటు పదిమంది, ఇటు పదిమంది. మూడు సార్లు. మీరు గెలిస్తే తాడు తీస్తం, నా చేనుల బోర్డు నేనే నా చేతులతోని పాతిపిస్త. మేము గెలిస్తే నేను చెప్పిన పని ఒకటి చెయ్యాలె."

మంగమ్మ ముందుకు వంగింది. గంగక్క చెవిలో, "ఓడితే? నీకు మతి ఉన్నదా?" అంది. గంగక్క ఆ మాట చెవిన పెట్టలేదు. ఆ ఎకరన్నర పోతే ఆమెకు మిగిలేది కూలి, కొడుకు అద్దె గదిలో ఒక మూల. అది ఆమెకు తెలియక కాదు. ఆడి పోగొట్టుకున్నా సరే, ఆడకుండా మాత్రం వదలనని మే నెల ఎండలోనే అనుకుంది.

"ఏం పని?" అంది మేడమ్.

"మీ చేతికి బరువయ్యే పని గాదు."

కెమెరా అబ్బాయి అప్పటికే వీడియో తీస్తున్నాడు. సెల్‌ఫోన్లు లేచాయి. ఆటల పండగకొచ్చి ఆటకు వెనకాడితే ఏం బాగుంటుంది? మేడమ్ జాకెట్ చేతులు పైకి లాక్కుంది. ఇద్దరు గన్‌మన్లు, ముగ్గురు డ్రైవర్లు, ఇంజనీరు, ఇద్దరు అటెండర్లు, అనిల్‌కుమార్, ముందు మేడమ్. లెక్కకు పదిమంది. ప్రభాకర్ సారు నడుమ నిలబడి తాడుకు టవలు కట్టి, రోడ్డు మీద గీత గీశాడు.

విజిల్ మోగింది. మొదటిసారి అర నిమిషం కూడా పట్టలేదు. గన్‌మన్లు ఒక్క గుంజు గుంజేసరికి ఆడవాళ్లు నవ్వుతూ నవ్వుతూనే గీత దాటి బోర్లాపడ్డారు. అవతల డ్రైవర్లు చప్పట్లు కొట్టారు. గంగక్క మోకాలు చీరుకుపోయింది. లేచి, మట్టి దులుపుకోకుండా, తన వాళ్ల వంక ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు నవ్వులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"నవ్వుతున్నరా? ఇది నా బువ్వ" అంది కోయ భాషలో. ఆ మాట అవతలివాళ్లకు అర్థం కాలేదు. ఇవతలివాళ్లకు బాగా అర్థమైంది.

రెండోసారి ఆమె తాడు నడుముకు చుట్టుకుంది. మడమలు రెండూ మట్టిలో దిగేసింది. విజిల్ మోగగానే లాగలేదు. రేల పాట ఎత్తుకుంది. పెళ్లిళ్లలో, పండగల్లో భుజం భుజం కలిపి, వంగి, ఒకే అడుగు వెనక్కీ ముందుకూ వేసే పాట అది. చిన్నప్పటి నుంచి ఆడి ఆడి ఆ కాళ్లకు అదొక్కటే తాళం వచ్చు. ప్రభాకర్ ఎన్ని రోజులు ఎడమ కుడి అని అరిచినా కలవని ఇరవై కాళ్లు, ఆ పాటకు ఒక్కసారి వెనక్కి పడ్డాయి. మళ్లీ పడ్డాయి. అవతల పదిమంది పది రకాలుగా గుంజుతున్నారు. ఒకడు లాగేటప్పుడు ఒకడు ఊపిరి తీసుకుంటున్నాడు. టవలు మెల్లగా, చాలా మెల్లగా ఇటు జరిగి గీత దాటింది.

మూడోసారి ఎవరూ నవ్వలేదు. మేడమ్ పెదవులు బిగించింది. ఆమెకూ పట్టుదల వచ్చేసింది, ఓడిపోవడం అలవాటున్న మనిషి కాదు. "అందరూ నా లెక్క ప్రకారం!" అని అరిచింది. ఒకటి, రెండు అంటూ ఆమె లెక్క, రేలా అంటూ వీళ్ల పాట. తాడు మధ్యలో బిగిసి ఆగిపోయింది. ఎంతసేపని! గంగక్క నడుము తెగిపోతున్నట్టుంది. కళ్లు మూసుకుంది. ఎర్రయ్య కూత వినబడినట్టయింది, ఊపిరి వదలకుండా, సన్నగా, గీత దాటి అవతలి దాకా. ఇంకొక్క అడుగు, ఇంకొక్కటి. అవతల బూట్లు మట్టి మీద జారాయి. ఒక డ్రైవరు పడ్డాడు, అతని మీద ఇంజనీరు పడ్డాడు, తాడు వదలని మేడమ్ మోకాళ్ల మీద గీత ఇవతలికి వచ్చేసింది.

గీత దాటలేదనమని అనిల్‌కుమార్ ప్రభాకర్ వంక చూసి కళ్లతోనే బతిమాలాడు. ప్రభాకర్ మద్దులగుంపు వైపు చెయ్యెత్తి విజిల్ ఊదాడు. ఊరు కేకలతో దద్దరిల్లింది.

మేడమ్ లేచి మోకాళ్లు దులుపుకుంది. "సరే, గెలిచారు. చెప్పండి, ఏం చెయ్యాలి?"

"నాతోని రాండ్రి" అంది గంగక్క.

ఊరంతా చేను గట్టు దాకా నడిచింది. అవతల స్తంభాల మధ్య ఎర్ర రిబ్బన్ గాలికి ఊగుతోంది. గట్టు మీద గంగక్క కొంగు ముడి విప్పింది. సగం గింజలు తన గుప్పిట ఉంచుకుని, సగం మేడమ్ చేతిలో పోసింది.

"బూట్లిడిచి చేనుల దిగి గివి చల్లాలె. గంతే."

"అంతేనా?" మేడమ్‌కు నవ్వొచ్చింది. బూట్లు విప్పింది, సాక్సులు విప్పింది, ఎర్రమట్టిలో కాలు పెట్టింది. గింజలున్న చెయ్యి ఎత్తింది. అప్పుడు గంగక్క కెమెరా అబ్బాయి వైపు తిరిగింది.

"బాబూ, జెర్ర వెనకకు జరుగు. ఆ ఇనప స్తంభాలు రెండూ పడాలె. నేను గూడ పడాలె." తర్వాత మేడమ్‌తో అంది: "మేడమ్, మీ ఫైలుల పాత ఫొటో ఒకటున్నది. నా కొడుకు కప్పు పట్టుకున్నది. దాన్ని చూసే ఇది ఆటస్థలమని రాసిన్రు. నా దగ్గర ఏ కాయితం లేదు. మీరు విత్తనం చల్లిన ఈ ఫొటో ఆ ఫొటో పక్కన పెట్టుండ్రి. అప్పుడెవరన్న అడిగితే, ఇది చేనో గ్రౌండో చూసి చెప్తరు."

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. మేడమ్ స్తంభాల వంక చూసింది, వాటికి పాకిన చిక్కుడు తీగ వంక చూసింది, తర్వాత గంగక్క వంక.

"ఇదంతా ముందే అనుకున్నావు కదూ?"

"అవ్ మేడమ్. తునికాకు కట్టలు కట్టుకుంట అనుకున్న." గంగక్క చేను నడుమకు చెయ్యి చూపింది. "ఈ చేనుల ఆడిన మా అన్న ఏమైండో ఇప్పటికి తెల్వదు. ఈ చేనుల ఆడిన నా కొడుకు ఊళ్లెకు రాడు. ఆట మీద నాకు కోపం లేదమ్మా. ఆట మంచిదే. ఆడిపిచ్చేటోళ్లు పోయేటప్పుడు ఏదో ఒకటి పట్కపోతరు. నా దగ్గర ఇంక ఇదొక్కటే ఉన్నది."

మేడమ్ గింజలున్న గుప్పిట వంక చూసుకుంది. ఆడి ఓడిన మనిషి, అదీ నూరుమంది ముందు. మాట తప్పడానికి దారి లేదు, వెతుక్కుందామన్న ఆలోచన ఉన్నట్టు కూడా లేదు. చెయ్యి విసిరింది. గింజలు ఎండకు మెరిసి నేలన పడ్డాయి. కెమెరా క్లిక్కుమంది. గంగక్క ఆమె పక్కనే నడుస్తూ తన గుప్పిట కూడా ఖాళీ చేసింది, రిబ్బన్ కింద దాకా చల్లుకుంటూ పోయింది. ఇక ఆ రిబ్బన్ దగ్గరకు ఎవరు వెళ్లాలన్నా గింజల మీద నడవాలి. ఎవరూ నడవలేదు.

"అనిల్‌కుమార్, బోర్డు గట్టు మీదే పాతించండి" అంది మేడమ్ బూట్లు తొడుక్కుంటూ. "కోతలయ్యాక విత్తనాల పండగ దాకా ఆటలకు, మిగతా రోజులు సాగుకు అని కింద రాయించండి. రిజిస్టర్లో కూడా అట్లాగే ఎక్కించండి, నేను సంతకం పెడతాను." బండెక్కబోతూ ఆగింది. "మరి నేను ఓడిన ఆట మళ్లీ ఎప్పుడు?"

"పంట కోసినాక రాండ్రి మేడమ్" అంది గంగక్క. "తాడు మా దగ్గరనే ఉంటది."

మరునాడు మధ్యాహ్నం శివ వచ్చాడు. ఆరేళ్ల తర్వాత ఊళ్లోకి, చేతిలో పేపరు మడత పట్టుకుని. ఇంట్లోకి పోకుండా చేను గట్టు మీదే నిలబడిపోయాడు. స్తంభాలు చూశాడు, పేపర్లో స్తంభాలు చూశాడు. గంగక్క చిక్కుడు తీగ సవరిస్తోంది. కొడుకును చూసి పరుగెత్తుకు రాలేదు. గింజలు తొక్కకుండా గట్టు చుట్టూ తిరిగి వచ్చింది.

"ఏం రాసిన్రు? చదువు" అంది.

"'గంగక్క చేనులో విత్తనాలు చల్లుతున్న అధికారి' అని రాసిన్రమ్మా."

"మల్ల చదువు."

చదివాడు. ఇంకోసారి చదవమంది. మూడోసారి చదివేటప్పుడు గంగక్క కళ్లు తుడుచుకుంది. తర్వాత పేపరు తీసుకుని మడత పెట్టి, కొంగు మడతలో మిగిలిపోయిన నాలుగు గింజలు కొడుకు చేతిలో పోసి, చల్లమని చేను చూపించింది.